వార్డులో ఒకే పేరున్న రోగులు ఇద్దరుంటే నర్సు మందు ఎలా ఇవ్వాలి?

విజయనగరంలో ఈ ప్రశ్న సహజమే. పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకున్నవారు వీధికి నలుగురుంటారు. "మీరు పైడిరాజేనా?" అని అడగకూడదు. మగతలో ఉన్నవారు దేనికైనా తల ఊపుతారు. "మీ పేరు చెప్పండి" అని అడిగి, కేస్‌షీటులోని ఐపీ నంబరుతో, అంటే ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే నంబరుతో, సరిచూడాలి. మంచం నంబరును నమ్మవద్దు, మంచాలు మారుతుంటాయి.

తర్వాత మందు, మోతాదు, ఇచ్చే మార్గం, వేళ చూసుకోవాలి. అసలు భయం ఇన్సులిన్‌తోనే. మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ రెండు రకాలూ మన దగ్గర దొరుకుతాయి. 40 రకం సిరంజితో 100 రకం మందు తీస్తే రోగికి రెండున్నర రెట్లు వెళ్తుంది, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె కలిశాయో లేదో మరో నర్సుకు చూపించాలి. చార్టులో సంతకం మందు ఇచ్చాకే. ముందే పెట్టేసే అలవాటు మాత్రం క్షమించరానిది.