పేలే సకినాలు, విడిపోయే అరిసెలు, కుంగే కేకు: పండుగ నెల సందేహాలు

డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి దాకా హైదరాబాద్ ఇళ్లలో పొయ్యికి తీరిక ఉండదు. కింది ఫ్లాట్‌లో కేకు, పై ఫ్లాట్‌లో సకినాలు, మధ్యలో పళ్లేలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వంటింటివే. వాటికే ఎక్కువ చోటిచ్చాం.

సకినాలు నూనెలో వేయగానే టపటపా పేలుతున్నాయి. పోయినేడు మా అత్తమ్మ చేతి మీద నూనె చిందింది. పిండి గిర్నిలో పట్టించిందే. తప్పెక్కడ జరుగుతోంది?
— ఒక పాఠకురాలు, ఉప్పల్

పిండి లోపల తడి చిక్కుకుపోయి, ఆవిరయ్యాక బయటికి దారి దొరక్కపోతే సకినం పేలుతుంది. ఆ దారి మూసుకుపోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు: పిండిని చపాతీ పిండిలా గట్టిగా పిసకడం, నువ్వులు తగ్గించడం, చుట్టిన సకినాలను ఎక్కువసేపు ఆరబెట్టడం. మూడోది చాలామందికి తెలియదు. ఆరితే మంచిదనుకుని ఫ్యాను కిందో ఎండలోనో వదిలేస్తారు. పైపొర ఎండి బిగుస్తుంది, లోపలి తడి అలాగే ఉంటుంది. కాగిన నూనెలో పడగానే పేలేది అదే.

మొదటి నుంచి చూద్దాం. కిలో కొత్త బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున జల్లెట్లో వేసి గంటసేపు నీళ్లు వాడ్చండి. తర్వాత నీడలో బట్ట మీద అరగంట పరచండి. గుప్పెట పట్టి వదిలితే అరచేతికి చెమ్మ తగలాలి కానీ గింజలు అంటుకోకూడదు. గిర్నికి వెళ్లేముందు తడి బియ్యం పడతారో లేదో అడగండి, కొందరు పట్టరు. పట్టించిన పిండిని జల్లించి, గిన్నెలో నొక్కిపెట్టి, తడిబట్ట కప్పండి. ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పులుస్తుంది.

కిలో బియ్యం పిండికి నువ్వులు 150 నుంచి 200 గ్రాములు, ఓమ రెండు పెద్ద చెంచాలు, ఉప్పు నాలుగు చిన్న చెంచాలు. నువ్వులు రుచికి మాత్రమే కాదు, పిండి ముద్ద బిగుసుకుపోకుండా చేసేవీ అవే. 50 గ్రాములతో సరిపెడితే సకినం రాయిలా వస్తుంది, పేలే ప్రమాదమూ పెరుగుతుంది. పిండి, నువ్వులు, ఓమ, ఉప్పు పొడిగా కలిపి నాలుగు భాగాలు చేసుకోండి. ఒక్కో భాగానికి అప్పటికప్పుడు నీళ్లు చల్లి కలపండి. పిసకొద్దు, వేళ్లతో కలిపితే చాలు. చపాతీ పిండి కన్నా మెత్తగా, బొటనవేలూ రెండు వేళ్ల మధ్య మెలిపెడితే తెగకుండా దిగేలా ఉండాలి. తెగుతుంటే తడి చాలలేదని, బట్ట మీద పరుచుకుపోతుంటే నీళ్లెక్కువయ్యాయని గుర్తు.

చుట్టడానికి పాత నూలు ధోవతో నూలు దుప్పటో కావాలి. సింథటిక్ బట్ట నీటిని పీల్చుకోదు, సకినం అడుగు తడిగానే ఉండిపోయి తీసేటప్పుడు విరుగుతుంది. నూలు బట్ట మీద పది పదిహేను నిమిషాలు చాలు. సకినం చుట్టూ బట్ట తడిసి కనిపించాలి, పళ్లెం అంచు కిందికి జారిస్తే సకినం విరగకుండా పైకి రావాలి. అప్పుడే నూనెలో వేయండి. అందుకే ఒకేసారి యాభై చుట్టి పెట్టుకోవద్దు. ఒకరు పిండి కలుపుతుంటే ఇద్దరు చుట్టాలి, ఒకరు కాల్చాలి. మన దగ్గర సకినాలకు వదినలనీ పక్కింటివాళ్లనీ పిలిచే ఆనవాయితీ కబుర్ల కోసం ఒక్కటే కాదు, ఈ పని ఒక్క చేతితో సమయానికి సాగదు. చుట్టడం రాని పిల్లలకు ఒంటి చుట్టు సకినాలు ఇవ్వండి, అవీ బాగానే కాలుతాయి.

కడాయిలో నూనె సగానికి మించకూడదు. మధ్యస్థం మంట మీద మూడు నాలుగు చొప్పున వేసి, బుడగలు తగ్గేదాకా ఉంచండి. సకినం ఎర్రబడకూడదు, లేత మీగడ రంగులోనే తీసేయాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. గోరువెచ్చగా మూత పెడితే ఆవిరి పట్టి మర్నాటికే మెత్తబడతాయి. అత్తమ్మగారిని ఈసారి చుట్టేచోట కూర్చోబెట్టండి. కాల్చేవాళ్లు పొడవాటి జల్లిగంటెతో, ఒక అడుగు వెనక్కి నిలబడి కాల్చాలి.

అరిసె నూనెలో వేయగానే ముక్కలు ముక్కలుగా విడిపోయింది. భయపడి రెండోసారి పాకం ముదరబెడితే పళ్లకు పని చెప్పింది. కొలత చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, కొండాపూర్

కిలో బియ్యానికి 700 నుంచి 750 గ్రాముల బెల్లం, పెద్ద గ్లాసులో ముప్పావు వంతు నీళ్లు. బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. పిండి తడిగా ఉండటం సకినాలకన్నా అరిసెలకే ఎక్కువ అవసరం. పొడి బియ్యప్పిండితో చేసినవి పాకం ఎంత బాగా కుదిరినా విరుగుతాయి.

బెల్లం కరగగానే వడకట్టండి, ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి, నురగ చిక్కబడ్డప్పటి నుంచి ప్రతి అర నిమిషానికీ పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేసి చూడండి. కరిగిపోతే లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండయి, బయటికి తీశాక నొక్కితే అణగాలి. ఆ క్షణమే పొయ్యి ఆపేయాలి. ఉండను పళ్లేనికి కొడితే టంగుమని మోగిందంటే అది పల్లీపట్టీ పాకం, అరిసెకు పనికిరాదు. లేత పాకానికీ ముదురు పాకానికీ మధ్య ఉండేది ఒకటి రెండు నిమిషాలే, ఆ సమయంలో ఫోను ఎత్తకండి.

దించాక రెండు చెంచాల నెయ్యి, 50 గ్రాముల నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. ఒక గ్లాసు పిండి మాత్రం తప్పకుండా పక్కన దాచండి. కలిపిన ముద్ద వేడి మీద మీరు అనుకున్నదానికన్నా కాస్త జారుగా ఉండాలి, చల్లారితే గట్టిపడుతుంది. ముందు ఒక్క అరిసె వేసి చూడండి. విడిపోతే దాచిన తడిపిండి రెండు గుప్పెళ్లు కలపండి. పిండి అయిపోతే ముద్దను సన్నటి సెగ మీద రెండు మూడు నిమిషాలు తిప్పండి. ముద్ద బిగుసుకుపోయి అంచులు పగులుతుంటే వేడి పాలు చెంచా చెంచాగా కలపొచ్చు, కాకపోతే పాలు పడిన అరిసెలు మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. పొరుగూళ్లకు పంపేవాటిలో పాలు వాడొద్దు.

మద్యం లేకుండా క్రిస్మస్ కేకు చేశాను. పండ్లన్నీ అడుగుకు చేరాయి, మధ్యలో కుంగింది, కోస్తే పచ్చిగా ఉంది. ఏడంగుళాల గిన్నె, చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్).
— ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

మూడింటికీ తడీ తొందరే కారణాలు. కిస్‌మిస్, నల్ల ద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ కలిపి 250 గ్రాములు తీసుకుని, అవి మునిగేంత నారింజ రసంలో నానబెట్టండి. బేగంబజార్‌లో విడిగా కొంటే ముందు కడిగి తుడవాలి. మద్యంలో నానిన పండ్లు నెలలు నిలుస్తాయి కానీ రసంలో నానినవి నిలవవు. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, అంతే. వంటగట్టు మీద వారం ఉంచితే పులిసి బుడగలు వస్తాయి, అప్పుడు పారేయడమే మేలు.

నానిన పండ్లను వడకట్టి, తడి అద్ది, రెండు చెంచాల మైదాలో దొర్లించాలి. ఇది మానేస్తే రసం పిండిలో కలిసి పలుచన చేస్తుంది, బరువైన పండు కిందికి దిగుతుంది. కొలత: వెన్న 125 గ్రాములు, చక్కెర 125, గుడ్లు రెండు, మైదా 150, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, దాల్చిన చెక్క, లవంగం, జాజికాయ పొడులు కలిపి ముప్పావు చెంచా. రంగు కోసం నాలుగు చెంచాల చక్కెర మాడకుండా ముదురు గోధుమరంగుకు వచ్చేదాకా కరిగించి, పొయ్యి ఆపి, నాలుగు చెంచాల వేడినీళ్లు గిన్నె అంచు నుంచి పోయండి. చన్నీళ్లు పోస్తే చక్కెర ఎగిరి ముఖాన పడుతుంది. చల్లారాకే పిండిలో కలపాలి.

చిన్న ఓటీజీలో పై కడ్డీ కేకుకు బాగా దగ్గరగా ఉంటుంది. 180లో పెడితే పైన పెంకు కడుతుంది, లోపల ఉడకదు. ముందుగా పది నిమిషాలు వేడిచేసి 160 డిగ్రీల్లో, కింది అరలో, 55 నుంచి 65 నిమిషాలు ఉంచండి. నలభయ్యో నిమిషానికి పైన ముదిరితే అల్యూమినియం కాగితం కప్పండి. మొదటి నలభై నిమిషాలు తలుపు తీయొద్దు, సగం ఉడికిన కేకు చల్లగాలికి కుంగుతుంది. ఒక రోజు ఆగి కోస్తే ముక్క రాలదు. కాబట్టి 24న కాకుండా 23న చేయండి.

గులాబీపువ్వుల పిండి అచ్చును వదలడం లేదు.
— ఒక పాఠకురాలు, బొల్లారం

అచ్చు చల్లగా ఉండి ఉంటుంది, లేదా పూర్తిగా ముంచుతున్నారు. నూనెలోనే రెండు నిమిషాలు కాచి, ముప్పావు వంతు మాత్రమే పిండిలో ముంచండి. పైఅంచు మునిగితే పువ్వు అచ్చును కరిచి పట్టుకుంటుంది. కొత్త అచ్చయితే ముందురోజు రాత్రంతా నూనెలో ఉంచండి.

స్నేహితుల కుటుంబంతో క్రిస్మస్ రోజు మెదక్ చర్చికి వెళ్లాలని ఉంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారు.
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

నర్సాపూర్ మీదుగా సుమారు వంద కిలోమీటర్లు. ఆ చర్చిని ప్రతిష్ఠించింది 1924 డిసెంబరు 25న, అందుకే ఆ రోజుకు అక్కడ రెట్టింపు విలువ. జనం కూడా అంతే. వేకువ ఆరాధనకు వెళ్లాలంటే ముందురోజే ఊరు చేరండి. పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడలేకపోతే పండుగ దాటాక మామూలు రోజు వెళ్లండి. ఎప్పుడు వెళ్లినా ఎండ ఉండగా లోపల ఉండేలా చూసుకోండి. రంగుటద్దాల కిటికీల అందం బయటి వెలుతురు పడితేనే తెలుస్తుంది, చీకటి పడితే అవి నల్లటి గాజు పలకలే.

అపార్ట్‌మెంట్‌లో భోగి మంట వేయొచ్చా? పోయినేడు టైల్స్ పగిలి గొడవయింది.
— ఒక పాఠకుడు, నిజాంపేట

వేయొచ్చు, సెల్లార్‌లోనూ డాబా మీదా తప్ప. టైల్స్, కాంక్రీటు లోపలి తడి వేడికి ఆవిరై పెచ్చులు లేపుతుంది. నాలుగంగుళాల మందాన ఇసుక పరిచి, పైన ఇటుకలు పేర్చి, ఆ మీద పిడకలూ ఎండు కట్టెలూ పెట్టండి. వాహనాలకు, గ్యాస్ పైపుకు కనీసం పదిహేను అడుగుల దూరం. రంగు వేసిన తలుపులు, ప్లైవుడ్, టైర్లు వేయొద్దు, ఆ పొగ పిల్లల ఊపిరికి చేటు. రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక దగ్గరుంచండి. భోగిపండ్లు పోసేది మూడేళ్ల లోపు పాపకయితే శనగలు, చిల్లర తీసేసి బంతి రేకులు, రేగుపండ్లు చాలు. అయిపోగానే రేగుపండ్లు కూడా ఏరేయండి, గొంతుకు అడ్డం పడే సైజు.

మా తొమ్మిదేళ్ల బాబు పతంగులకు ఏ దారం కొనాలి?
— ఒక పాఠకురాలు, మలక్‌పేట

గాజుపొడి పూయని సాదా నూలు దారం. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. చీనీ మాంజా అని దుకాణంలో గుసగుసగా అమ్మేది అదే. నూలు దారం బలంగా లాగితే తెగుతుంది, అదే దాని మంచి గుణం. చీనీ మాంజా తెగదు, బైక్ మీద వెళ్లేవాళ్ల గొంతు కోస్తుంది. దుకాణంలో కొస తెంపి వెలిగించి చూడండి: నూలు బూడిదవుతుంది, ప్లాస్టిక్ కరిగి గట్టి పూస కడుతుంది.

పతంగి ఒకే వైపు వాలుతుంటే, వాలని వైపు కొసకు చిన్న కాగితం చుట్ట కట్టండి. పిట్టగోడ లేని డాబా వద్దు, మైదానమే మంచిది. తీగలకు చిక్కిన పతంగిని కర్రతో లాగనివ్వొద్దు, మెట్రో పైతీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. పక్షులు గూళ్లు వదిలే పొద్దున్నా, తిరిగొచ్చే సాయంత్రమూ ఎగరేయకండి. పక్షికి దారం చుట్టుకుంటే లాగొద్దు, రెండు వైపులా కత్తిరించి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. నోట్లో నీళ్లు పోయొద్దు.

పండుగకు ఊరి నుంచి నానమ్మ, బంధువులు పన్నెండు మంది వస్తున్నారు. చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టొచ్చా?
— ఒక పాఠకుడు, అల్వాల్

వద్దు. మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి, నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు. కిటికీ కొంచెం తీశాం కదా అన్న ధీమా కూడా వద్దు. బాత్రూం లోపల గ్యాస్ గీజర్ ఉంటే అదే ప్రమాదం. భోగి నాడు తలంటుకు పన్నెండు మంది వరసగా తలుపు మూసుకుని స్నానం చేస్తే గాలి మారే సమయమే ఉండదు. గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడేచోట పెట్టించండి. అంతవరకూ బకెట్లలో నీళ్లు పట్టి, గీజర్ ఆపేశాకే స్నానానికి పంపండి.

నానమ్మగారికి పొద్దు వాలకముందే కిటికీలు మూసి, ఒక మందపాటి దుప్పటికి బదులు రెండు పలుచనివి కప్పండి, మధ్యలోని గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. వేడినీళ్ల రబ్బరు సంచి మూడింట రెండు వంతులే నింపి, గాలి పిండేసి, తువ్వాలు చుట్టి, పడుకోవడానికి అరగంట ముందు కాళ్ల దగ్గర పక్కలో పెట్టండి. ఆమెకు షుగరుంటే పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు, కాలినా తెలియదు. పక్క వెచ్చబడ్డాక సంచి తీసేసి, అప్పుడు పడుకోమనండి.