గారడీ మాట వెనక పడేముందు

అమ్మలూ,

గారడీ అనే మాట మీద రాద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టమంటావు బాబాయ్ అని అడిగావు కదా. నిఘంటువు మాత్రం అప్పుడే తెరవకు. ముందు ఒక కాగితం తీసుకుని ఆ మాట మన నోళ్లలో ఎక్కడెక్కడ దొర్లుతోందో రాసుకో. మాటల గారడీ అంటాం, బడ్జెట్ మర్నాడు పేపర్లో అంకెల గారడీ అని హెడ్డింగ్ పడుతుంది, ఏదో గారడీ చేసి పని కానిచ్చేశాడు అంటాం. వీటిలో ఒక్కటీ నిఖార్సైన మెప్పు కాదు చూశావా, చేతిలో పనితనం ఉందని ఒప్పుకుంటూనే మనిషిని నమ్మలేమని చెప్పడం. ఈ వంకర ఎప్పుడు, ఎలా వచ్చిందన్నదే నువ్వు రాయాల్సిన కథ.

ఇది చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, బోల్తా పడి వచ్చింది. కుర్రతనంలో ఒక సభలో మైకు దొరికింది కదా అని, గార అంటే సున్నపు పూత, గోడ లోపాల్ని కప్పేది, కాబట్టి లోపాల్ని కప్పిపెట్టే విద్య గారడీ అయింది అని దంచేశాను. చప్పట్లు కూడా కొట్టారు. చివర్లో ఒక పెద్దాయన లేచి, "బాగుంది నాయనా, మరి ఆ చివరి 'డీ' ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు. అంతే, గొంతు ఎండిపోయింది. అందుకే చెబుతున్నా, మాటలో సగం ముక్కకి మాత్రమే లెక్క తేలే వ్యుత్పత్తిని, అది ఎంత ముద్దుగా ఉన్నా, పక్కన పెట్టెయ్.

ఇక నిఘంటువులు. ఒక్కటి చూసి ఆగిపోకు. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది, శబ్దరత్నాకరం 1885 నాటిది, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ తర్వాతది. ఆంధ్రభారతి సైటులో చాలావాటిని ఒకేసారి వెతకొచ్చు, ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. గారడీ దగ్గరే ఆగకుండా గారుడం, గారుడికుడు అని కూడా కొట్టి చూడు. అక్కడ తీగ దొరుకుతుంది. గరుడుడికి సంబంధించింది గారుడం. గరుడుడు పాములకి ఆగర్భశత్రువు కాబట్టి పాము విషం దింపే మంత్రం గారుడం అయింది, ఆ విద్య తెలిసినవాడు గారుడికుడు. అంటే మొదట్లో వాడు మోసగాడు కాదు, ప్రాణం పోతుంటే పరిగెత్తుకెళ్లి పిలుచుకొచ్చే మనిషి.

విషం దింపేవాడు కాస్తా కళ్లకి గంతలు కట్టేవాడు ఎలా అయ్యాడు? దీనికి పుస్తకం కంటే వీధి బాగా పనికొస్తుంది. చిన్నప్పుడు నేను చూసిన గారడీవాడు డోలు కొట్టి జనాన్ని పోగేసేవాడు, మూత పెట్టిన బుట్టలో పాము, పక్కన గుంజకి కట్టేసిన ముంగిస. ఇప్పుడు రెండింటికీ పోట్లాట పెడతా, చిన్నపిల్లలు ఒక అడుగు వెనక్కి జరగండి అంటాడు. గంటసేపు ఆ ఒక్క మాట మీద నిలబెట్టేవాడు, పోట్లాట మాత్రం నేను ఒక్కసారీ చూడలేదు. ఈలోగా నోట్లోంచి గోళీలు తీసేవాడు, రూపాయి మాయం చేసేవాడు, జనం బాగా చేరాక సంచిలోంచి తాయెత్తులు తీసేవాడు. ఎందుకట? పాము కరవకుండా! నాకు ఆ తాయెత్తు సంగతి ఎన్నో ఏళ్ల తర్వాత, గారుడం అన్న మాట చూసిన రోజున గుర్తొచ్చి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మాట అర్థం మారిపోయినా పాత వృత్తి ఆ సంచి అడుగున అలాగే ఉండిపోయింది. పాములు పట్టడం, పాముల్ని ఆడించడం, జనాన్ని ఆడించడం, ఇలా ఒక్కో మెట్టే దిగినట్టుంది. నువ్వు రాసేటప్పుడు కూడా మెట్లన్నీ చూపించు, గరుడుడి దగ్గర్నుంచి ఒక్క గెంతులో అంకెల గారడీకి దూకితే చదివేవాడు నమ్మడు.

చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలు అనుకోకు. సాముగరిడీలు అంటాం చూడు, ఆ గరిడీ కర్రసాము, కత్తిసాము నేర్చుకునే చోటు, దానికీ దీనికీ ముడి పెట్టొద్దు. అసలు పోలికే కనిపించని చోట మాత్రం అన్నదమ్ములు ఉంటారు. మంత్రముగ్ధులయ్యాం అని గొప్పగా చెప్పుకుంటాం, ఆ ముగ్ధ, మూఢనమ్మకంలోని మూఢ రెండూ సంస్కృతంలో 'ముహ్' అనే ఒకే ధాతువులోంచి వచ్చాయి, మోహం కూడా అక్కడిదే. ఈ సంగతి తెలిశాక సన్మాన సభల్లో ఆ మాట వింటే నవ్వు ఆపుకోవడం కష్టం.

ముద్దుగా ఉన్న కథ ప్రతిదీ అబద్ధమని కూడా తీర్మానించకు. గ్లామర్ అనే మాట గ్రామర్ లోంచి పుట్టిందంటే నేను ముందు జోకనుకున్నా. నిజమే! గ్రామర్ అంటే ఒకప్పుడు మొత్తం చదువే, చదువురాని జనానికి లాటిన్ పుస్తకం పట్టుకున్నవాడు మంత్రగాడిలా కనిపించేవాడు. స్కాట్లండ్ వాళ్ల నోట 'ర' కాస్తా 'ల' అయ్యి, మంత్రం వేసి కళ్లు కప్పడం అనే అర్థంలో 18వ శతాబ్దం నాటికి వాడుకలో ఉంది, వాల్టర్ స్కాట్ రచనల వల్ల అందరికీ తెలిసింది. సినిమా పేజీల్లో కనిపించే అందచందాల అర్థం తర్వాత వచ్చి చేరింది. ఇది మనకి పక్కదారే అయినా ఒక పేరా ఇవ్వు, అక్కడ చదువుకి పట్టిన గతే ఇక్కడ వైద్యానికీ పట్టింది కదా.

మాయ, ఇంద్రజాలం, కనికట్టు అన్నీ ఒకే వ్యాసంలో కుక్కాలని ఆశపడకు. ఇంద్రజాలం అంటే ఇంద్రుడి వల, అధర్వవేదంలో శత్రువుల మీద విసిరే వల ఉంది, మన అంతర్జాలంలో ఉన్నదీ ఆ జాలమే, అది వేరే వ్యాసానికి సరిపడా సరుకు.

చిత్తుప్రతి ముందు నాకు పంపు. నా గార కథ కావాలంటే వాడుకో, పేరు మాత్రం రాయకు, ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు ఇంకా ఉన్నారు.

మీ బాబాయ్