ముందు ఎవరికి చెప్పాలో తేల్చుకోండి

యూనిట్ తరలింపు సంగతి మీరు ప్రకటించకముందే కార్మికుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందనీ, ఇప్పుడు ఎండీగారు కమ్యూనికేషన్ ప్లాన్ అడుగుతున్నారనీ రాశారు. దానికోసం చేసిన 40 స్లైడ్ల పీపీటీ పక్కన పెట్టేయండి, ఎవరూ చూడరు.

ఒక్క కాగితం మీద వరస రాసుకోండి: షిఫ్ట్ సూపర్‌వైజర్లు, కార్మికులు, డీలర్లు, ఆ తర్వాతే పత్రికలు. అసలు కీలకం సూపర్‌వైజర్లేనండీ. కార్మికుడు మొదట అడిగేది వాళ్లనే: ఉద్యోగం ఉంటుందా, బస్సు వేస్తారా, క్వార్టర్స్ ఇస్తారా? ఈ జవాబులు తెలుగులో, అవసరమైతే హిందీలోనూ, ముందురోజే వాళ్ల చేతిలో పెట్టండి. తేలనివి ఉంటే ఫలానా తేదీకి చెబుతామనండి. ఆ తేదీ తప్పితే మాత్రం మళ్లీ వాట్సాపే గతి.

మీది లిస్టెడ్ కంపెనీ, అంటే స్టాక్ మార్కెట్‌లో షేర్లున్న కంపెనీ అయితే ఈ వరస చెల్లదు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం ఇలాంటి కీలక నిర్ణయం ముందు స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరాలి. కంపెనీ సెక్రటరీని అడక్కుండా మెయిల్ పంపకండి.

1982లో షికాగోలో టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో ఎవరో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ ప్రకటనలతో ఆగలేదు, సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకుంది. మీరూ ముందు బస్సు సంగతి ఖాయం చేసుకుని, తర్వాతే మీటింగ్ పెట్టండి.