సేల్స్‌లో పనిచేసినవాళ్ళు గాయకులకు మేనేజర్‌గా పనికొస్తారా? మా ఆయన పనికొచ్చారు

చాలాకాలంగా సేల్స్‌లో ఉన్నాను, సంగీతమంటే ప్రాణం, గాయకులకు మేనేజర్‌గా మారొచ్చా, లేక సేల్స్ వాళ్ళకి కళ అర్థం కాదంటారా అని అడిగారు. తప్పకుండా మారొచ్చు. అసలు ఎవరికీ ఏదీ అమ్మిన అనుభవం లేనివాళ్ళు ఆ పనిలోకి దిగడమే నాకు నచ్చదు.

మా ఆయన ముందు ఆఫీసులకి జిరాక్స్ మెషిన్లు అమ్మేవారు. టార్గెట్లు, నెలాఖరు టెన్షన్, బకాయిల కోసం తిరగడం, అన్నీ చూశాను. ఆ ఉద్యోగంలో ఉండగానే తెలిసిన గాయని ఒకమ్మాయికి షోలు మాట్లాడిపెట్టడం మొదలుపెట్టారు, కొన్నాళ్ళకి అదే ఆయన పూర్తి పని అయింది. ఆయన పోయాక వచ్చినవాళ్ళలో కొందరు సేల్స్ మనిషిని తలుచుకున్నారు, కొందరు మేనేజర్‌ని తలుచుకున్నారు, ఎవరో ఇద్దరు వేరువేరు మనుషుల గురించి మాట్లాడుతున్నట్టు ఉండేది. నాకు మాత్రం రెండు చోట్లా ఒకే మనిషి కనిపించేవారు.

ఒక్క రోజు సంగతి చెప్తాను. సాయంత్రం షో ఉంది, పొద్దున్నే ఆ అమ్మాయికి గొంతు బొంగురుపోయింది. డాక్టర్ చూసి స్వరతంత్రులు వాచాయి, గుసగుసగా కూడా మాట్లాడొద్దు అన్నారు. ఆమె మా ఇంట్లో కూర్చుని కాగితం మీద "పాడేస్తాను అన్నయ్యా, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వలేం" అని రాసింది. వాచిన గొంతుతో బలవంతంగా పాడితే లోపల రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది, అప్పుడు పోయేది ఒక్క షో కాదు. ఈయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆర్గనైజర్‌కి ఫోన్ చేశారు. మెసేజ్ పెట్టలేదు, ఇంకొకరితో చెప్పించలేదు. "అమ్మాయి ఈరోజు పాడదండీ. మీకు ఏమేం నష్టమో చెప్పండి, రాసుకుంటాను" అన్నారు.

అవతల ఒకటే అరుపులు, నాకు పక్క గదిలోకి వినపడుతున్నాయి. ఈయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అరుపుల మధ్య వచ్చినవన్నీ రాసుకుంటున్నారు, హాలు అద్దె, సౌండ్, లైట్లు, పోస్టర్లు, టికెట్లు. అవతలి మనిషి అలిసిపోయాక నెమ్మదిగా అడిగారు, "ఇందులో ఇంకో తేదీకి పనికొచ్చేవి ఏవండీ?" అని. సౌండ్ వాళ్ళు ఇంకా సామాను బండికెక్కించలేదు, తేదీ మార్చుకుంటారు. టికెట్లు కొత్త తేదీకి చెల్లుతాయని చెప్పొచ్చు, వద్దన్నవాళ్ళకే డబ్బు తిరిగివ్వాలి. ఒక్కొక్కటే కొట్టేస్తూ వస్తే చివరికి హాలు అద్దె, కాస్త ప్రచారం ఖర్చు మిగిలాయి. కొత్త తేదీన ఫీజు తగ్గించుకుంటామన్నారు, ఆ షో మీద తన కమీషన్ తీసుకోలేదు, వాయిద్యకారులకి మాత్రం ఒక్క పైసా తగ్గనివ్వలేదు. ఆ ఆర్గనైజర్ తర్వాత కూడా షో ఉంటే ముందు ఈయనకే ఫోన్ చేసేవారు. ఇది సంగీతం తెలిసినంత మాత్రాన వచ్చే నేర్పు కాదు. మెషిన్ ఆగిపోయిందని కస్టమర్ మండిపడుతుంటే ఫోన్ పెట్టేయకుండా ఏళ్ళ తరబడి వినగా వచ్చింది.

ఆయనకి ఆదర్శం ఇంగ్లండ్ పాటల బృందం బీటిల్స్ మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్. లివర్‌పూల్‌లో సొంత కుటుంబం షాపులో ఫర్నిచర్ అమ్మి, తర్వాత అక్కడే పాటల రికార్డుల విభాగం నడిపిన మనిషి. 1961 నవంబరులో కావెర్న్ క్లబ్‌లో వాళ్ళ పాట విని, కొద్ది వారాల్లోనే మేనేజర్ అయ్యాడు. డెక్కా అనే రికార్డు కంపెనీ వద్దంది, మరికొందరూ వద్దన్నారు, అయినా టేపు పట్టుకుని తిరిగితే 1962లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీలో నిర్మాత జార్జ్ మార్టిన్ వాళ్ళని తీసుకున్నారు. వద్దనిపించుకున్న రోజే ఇంకో గుమ్మం ఎక్కడం సేల్స్‌వాడికే చాతనవుతుందని మా ఆయన ఎప్పుడూ అనేవారు. అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ మేనేజర్ టామ్ పార్కర్ మాటెత్తితే మాత్రం ఒళ్ళు మండేది. మామూలుగా మేనేజర్ కమీషన్ 15 నుంచి 20 శాతం ఉంటుంది, పార్కర్ 1967లో కొన్ని ఆదాయాల మీద ఏకంగా సగం రాయించుకున్నాడు. అలాంటివాళ్ళ వల్లే మిగతా మేనేజర్లందరినీ జనం దళారులంటారు.

ఆ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పాట విడుదలైతే గిటార్ వాయించినవారి పేరుంటుంది, మిక్సింగ్ చేసినవారి పేరుంటుంది, ఉండాలి కూడా. అర్ధరాత్రి హాలు వెనక కూర్చుని అమ్ముడైన టికెట్లు లెక్కపెట్టించి మిగతా డబ్బు వసూలు చేసిన మనిషి పేరు ఎక్కడుంది? డబ్బు బదులు "మీకు మంచి పేరొస్తుంది కదా" అని ఉచితంగా పాడించుకోవాలని చూసే పెద్దమనుషుల్ని మర్యాదగా వెనక్కి పంపేదీ ఆ మనిషే. కళాకారులు ఆ మాటకి మొహమాటపడతారు, ఈయన పడేవారు కాదు.

మీరు ఉద్యోగం వదిలే ముందు ఒక్కటి చూసుకోండి, ఒప్పందం. కమీషన్ మొత్తం రాబడి మీదా, ఖర్చులు పోగా మిగిలినదాని మీదా? మీరు కుదిర్చిన రికార్డింగుల మీద, ఒప్పందం ముగిశాక కూడా కొన్నేళ్ళు తగ్గుతూ వచ్చే వాటా ఉంటుంది, దాన్ని సన్‌సెట్ క్లాజ్ అంటారు. మీరు లేకపోతే అది ఇంట్లోవాళ్ళకి వస్తుందని అందులోనే రాయించండి. ఈయన ఆ అమ్మాయితో అలా రాయించుకున్నారు, ఇప్పటికీ మూడు నెలలకోసారి లెక్కల కాగితంతో సహా నాకు పంపుతుంది. ఇంకో బృందంతో స్నేహం కొద్దీ నోటిమాట మీద నడిపారు, వాళ్ళు ఇప్పుడు నా ఫోన్ ఎత్తరు. ఆయన రాయించిన ఆ పేరా నా దగ్గర ఉంది, పేర్లు తీసేసి టైప్ చేసి పెడతాను, కావాలంటే అడగండి. దాన్ని మీ లాయర్‌కి చూపించాకే సంతకం పెట్టండి.