తేనెపట్టు దుప్పటి అల్లబోతున్న బిడ్డకు

హైదరాబాద్

బిడ్డా,

అక్క కాన్పు డిసెంబర్‌లో అంటున్నావు, చేతిలో మూడు నెలలున్నాయి. రోజుకు రెండు గదులు (తేనెపట్టు గదిలా ఆరు పలకలుండే ముక్కలు) క్రోషాతో అల్లినా తేనెటీగల దుప్పటి తీరిగ్గా అయిపోతుంది. ఫోన్లో నువ్వు అడిగినవన్నీ ఈగల గురించే: రెక్కలెట్లా, కళ్లెట్లా, చారలెట్లా అని. ఒక ఈగ అంటే ఒక సాయంత్రం పని. దుప్పటి బాగుపడినా పాడైనా ఆ ఆరు పలకల గదుల దగ్గరే. అందుకే ముందు వాటి సంగతి రాస్తున్నాను.

మన హైదరాబాద్ చలికి గొర్రె ఉన్ని అక్కర్లేదు, పసివాళ్ల ఒంటికి గుచ్చుకుంటుంది కూడా. బేబీ ఊలు అని అమ్మే మెత్తటి అక్రిలిక్ చాలు, 8 ప్లై మందంలో తీసుకో. కాటన్ ఎండాకాలం ఏసీ గదిలో బాగుంటుంది గానీ, అదే దుప్పటి బాగా బరువెక్కుతుంది, తడిస్తే సాగుతుంది. సుల్తాన్ బజార్‌లో కొన్నా, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్నా రంగును ట్యూబ్‌లైటు కింద ఖాయం చేసుకోకు. ఉండ పట్టుకొని గడప దాటి పగటి వెలుతురులో చూడు. లేబుల్ మీద రంగు నంబరు పక్కనే లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పే గుర్తు) ఉంటుంది, రెండూ కలిసిన ఉండలే కొను. లాట్ మారితే అదే రంగు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రంగుల విషయంలో నా మాట ఒకటి విను. నిమ్మపండు పసుపుకి నలుపు జోడిస్తే తేనెటీగ రాదు, కందిరీగ వస్తుంది. ఇంకొంచెం దూరం నుంచి చూస్తే మన ఆటోలాగానే ఉంటుంది. అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్ల కింద వేలాడే పెద్ద పట్టును దూరం నుంచి ఫోన్ కెమెరాలో చూడు (దగ్గరికి మాత్రం పోకు): అదంతా తేనె, బెల్లం, ముదురు గోధుమ రంగులే. గదులకు తేనె రంగు 40, లేత బెల్లం రంగు 25, మీగడ రంగు 18 పెట్టుకో. మొత్తం 83. అంచులకూ అతుకులకూ ముదురు గోధుమ రంగు, అది మైనం అనుకో.

100 గ్రాముల ఉండలైతే తేనె రంగు రెండు, బెల్లం రంగు రెండు, మీగడ ఒకటి, గోధుమ రెండు, నలుపు 50 గ్రాములు సరిపోతాయి. అంచు లేకుండా గది ఒకటి 4 గ్రాముల దాకా తూగుతుంది. బెల్లం రంగు లెక్కకు సరిగ్గా 100 గ్రాములే వస్తుంది కదా అని ఒకే ఉండ కొన్నావంటే చివరి రెండు గదులకు కచ్చితంగా తగ్గుతుంది. చేతి బిగువు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందు నాలుగు గదులు అల్లి వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టి లెక్క వేసుకో.

సూది 4 ఎంఎం అల్యూమినియంది. దుకాణంలో క్రోషా సూది అని అడిగితే లేసు అల్లే సన్న స్టీలు సూది చేతిలో పెడతారు, దాంతో ఈ ఊలు చీలుతుంది. ఈగల కోసం 3 ఎంఎం సూది కూడా ఒకటి కొనుక్కో.

నేను సింగిల్ (పొట్టి కుట్టు), డబుల్ (దానికంటే పొడుగు కుట్టు) అని రాసేది అమెరికా లెక్క. బ్రిటిష్ లెక్కలో మన సింగిల్‌నే డబుల్ అంటారు, మన డబుల్‌ను ట్రెబుల్ అంటారు. వీడియోలు చూస్తూ అల్లేవాళ్లు ఆగమయ్యేది ఇక్కడే. ఒక పాటర్న్‌లో సింగిల్ క్రోషే అన్న మాట కనిపించిందంటే అది అమెరికాదే, బ్రిటిష్ పద్ధతిలో ఆ పేరే లేదు.

ఇక గది. మ్యాజిక్ రింగు (కొస లాగితే బిగిసే దారపు ఉచ్చు) వేసి అందులో 12 డబుల్స్. మొదటి డబుల్ బదులు చైన్లు (గొలుసు కుట్లు) వేస్తాం కదా, మూడు వేస్తే పక్కన సందు పడుతుంది, బిగువుగా రెండే వేసి దాన్ని ఒక డబుల్‌గా లెక్కపెట్టు. రెండో వరుసలో ఒక కుట్టులో ఒక డబుల్, పక్క కుట్టులో మూడు, ఇట్లా ఆరుసార్లు: 24. ఆ మూడు కుట్లున్న చోటే మూల. మూడో వరుస నుంచి ప్రతి మూలలో నడిమి కుట్టులోనే మూడేసి, మిగతా వాటిలో ఒక్కొక్కటి: 36. నాలుగో వరుస అదే తీరు: 48. అయిదోది గోధుమ రంగుతో సింగిల్స్, మూల నడిమి కుట్టులో రెండు: 54. అంటే పలకకు తొమ్మిది కుట్లు. పలక నుంచి ఎదురు పలకకు స్కేలు పెడితే 10 సెంటీమీటర్లు రావాలి. పదిన్నర వస్తే 3.5 సూదికి, తొమ్మిదే వస్తే 4.5 సూదికి మారు. చెయ్యి బిగించో వదులు చేసో సరిచేద్దామని చూడకు, పది గదుల తర్వాత చెయ్యి మళ్లీ తన పాత పద్ధతికే వస్తుంది.

గది గిన్నెలా లోపలికి వంగుతోందంటే ఏదో మూలలో మూడు బదులు రెండే పడ్డాయి. అంచు అప్పడంలా అలలు తిరుగుతోందంటే కుట్లు ఎక్కువయ్యాయి. ఎక్కువయ్యేది దాదాపు ప్రతిసారీ ఒకే చోట: వరుస ముగించే స్లిప్ కుట్టును (ఎత్తు పెరగకుండా రెండు కొనలు కలిపేది) కూడా కుట్టనుకుని తర్వాతి వరుసలో దాంట్లో ఒకటి అల్లేస్తారు. గది ఒక పక్కకు మెలి తిరిగి చక్రంలా కనిపిస్తే లెక్క సరిగ్గానే ఉంటుంది, మూల నడిమి కుట్టు తప్పి పక్కదాంట్లో పడి ఉంటుంది. ఆరు మూలల నడిమి కుట్లకూ వేరే రంగు దారం ముక్క గుచ్చి పెట్టుకో, మొదటి పది గదుల దాకైనా. వరుస అయిన ప్రతిసారీ లెక్కపెట్టు. అతికేటప్పుడు ఒక పలకకు తొమ్మిది, ఎదుటి దానికి ఎనిమిది ఉంటే దుప్పటి మధ్యలో ముడత లేస్తుంది, దాన్ని ఇస్త్రీ కూడా పోగొట్టదు.

దారం కొసల సంగతి ఎవరూ చెప్పరు. ఒక్కో గదికి రెండు రంగులు, నాలుగు కొసలు. 83 గదులకు 332. అన్నీ చివర్లో చూద్దామని వదిలేసిన దుప్పట్లు అల్మారాల్లో సగంలో పడి ఉంటాయి. ఏ గది కొసలు ఆ గదికే, సూది పక్కన పెట్టకముందే దాచెయ్. పది సెంటీమీటర్ల కొస వదిలి, కుట్ల లోపల నుంచి ఒక వైపు తీసుకెళ్లి, ఒక పోగు దాటించి, వెనక్కి తిప్పు. ఒకే దిక్కుకు లాగి కత్తిరిస్తే రెండు ఉతుకులకు బయటికొస్తుంది. మ్యాజిక్ రింగు కొసను మాత్రం రింగు చుట్టూ రెండుసార్లు తిప్పి తీరాలి. లేకపోతే మొదటి ఉతుకు అయ్యాక గది నడుమ పిల్లవాడి కాలివేలు దూరేంత కంత పడుతుంది. అప్పుడు దాన్ని మళ్లీ బిగించడానికి కొసే మిగలదు.

గదులన్నీ అయ్యాక మంచం మీద పరుచు: ఒక వరుస 8, దాని కింద 7, మళ్లీ 8, ఇట్లా 11 వరుసలు. 80 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 98 పొడవు. ఇప్పుడు ఈగలు ఎక్కడ వాలాలో చూసుకో. తొమ్మిది చాలు, రెండు మూడు గుంపులుగా, కొన్ని ఒంటరిగా. ప్రతి గదికీ ఈగ పెడితే దుప్పటి గోనెసంచిలా బరువవుతుంది. అతికాక ఇంత బట్టను ఒళ్లో వేసుకుని కుట్టడం నరకం కాబట్టి, గది విడిగా ఉన్నప్పుడే ఈగను కుట్టెయ్.

ఈగకు 3 ఎంఎం సూది. నల్ల ఊలుతో నాలుగు చైన్లు, వెనక్కొస్తూ 3 సింగిల్స్. రెండో వరుసలో చివర్లలో పెంచి 5, తల అయింది. తర్వాత తేనె రంగు రెండు వరుసలు, నలుపు రెండు, తేనె రంగు రెండు, నలుపు ఒకటి, ఆఖరి నల్ల వరుసలో రెండు చివర్లా తగ్గించి 3. రంగు మార్చేది వరుస మొదట్లో కాదు, ముందు వరుస ఆఖరి కుట్టులో సూది మీద రెండు లూపులు మిగిలినప్పుడే కొత్త రంగు లాగాలి. లేకపోతే చార చివర పంటిగాటులా మెట్టు పడుతుంది.

రెక్కలకు మీగడ రంగు: రింగులో 3 చైన్లు, 3 డబుల్స్, 3 చైన్లు, రింగులోకి స్లిప్ కుట్టు, అదే మళ్లీ. తేనెటీగకు నాలుగు రెక్కలు, కాబట్టి ఇలాంటి జత కింద చిన్నది ఇంకోటి, డబుల్స్ బదులు సింగిల్స్‌తో. రెక్కల అంచులన్నీ చుట్టూ కుట్టెయ్, లేచి నిలబడితే అందంగా ఉంటాయి గానీ పసివాడు నోట్లో పెట్టుకుని లాగుతాడు. గుండీలు, పూసలు, ప్లాస్టిక్ కళ్లు ఒక్కటి కూడా వద్దు. తల మీద మీగడ దారంతో రెండు ముడులు చాలు, మీసాలు గది మీదే దారంతో కుట్టు.

అన్నిటికంటే ముందు నల్ల ఊలు ముక్క తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూడు. మరక పడితే ఆ ఉండ వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాటను నమ్ముకుని మీగడ గదుల మీద పెట్టకు.

అతకడానికి మొండి మొన సూది. రెండు గదుల ముఖాలు లోపలికి పెట్టి, బయటి లూపులు మాత్రమే పట్టి కుట్టు. ముందు ఎనిమిదేసి, ఏడేసి పట్టీలుగా, తర్వాత పట్టీలను పన్ను పన్నుగా కలుపు. మూడు గదులు కలిసే ప్రతి చోటా చిన్న సందు మిగులుతుంది, అక్కడ మూడు మూలలూ పట్టి ఒక కుట్టు అదనంగా వేసి లాగు. చుట్టూ అంచు రెండు వరుసల సింగిల్స్. బయటికి పొడుచుకొచ్చిన మూలలో మూడేసి, లోపలికి పోయిన చోట రెండు కుట్లు వదిలెయ్. పక్కల పళ్లు పళ్లుగానే వదులు, పట్టు అంచు అలాగే కదా ఉండేది.

ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకు. అక్రిలిక్‌కు వేడి తగిలితే మెరుపెక్కి జీవం పోయినట్టు వాలిపోతుంది, అది మళ్లీ తిరిగి రాదు. గదులు చదును కావాలంటే అతకక ముందే థర్మోకోల్ షీటు మీద గుండుసూదులు గుచ్చి, నీళ్లు చిలకరించి ఆరనివ్వు. ఉతికాక తాడు మీద వేలాడదీయకు, నీళ్ల బరువుకు కిందికి సాగుతుంది. చాప మీద నీడలో పరుచు. దాచేటప్పుడు కలరా ఉండలు వెయ్యకు, అక్రిలిక్‌ను పురుగు తినదు, ఆ వాసన పసివాళ్లకు మంచిది కాదు. అక్కకు కూడా ఒక మాట చెప్పు: ఏడాది నిండేదాకా బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు పైన కప్పొద్దు, మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించడానికే.

మొదటి నాలుగు గదులు కాగానే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపు. వెనక వైపుది కూడా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ