గడ్డలోని గుర్తులు బాబుకు రావు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మావారు రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటారు. చాలా ఏళ్ళుగా హెచ్ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. మెడ పక్కన గడ్డ వస్తే సూదితో చూసి టీబీ అన్నారు. కొన్ని నెలలు ఆ మందులు మింగినా తగ్గలేదు. ముక్క తీయిస్తే లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని తేలింది. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ గడ్డల్లో ‘ఎపిజెనెటిక్’ తేడాలుంటాయని మా మరిది ఎక్కడో విని, ఇది వంశంలో దిగుతుందంటున్నాడు. నాకూ బాబుకీ హెచ్ఐవీ లేదు. వాడికి ఇది వస్తుందా? కీమో పెట్టేటప్పుడు ఏఆర్‌టీ ఆపాలా?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. మీ మరిది విన్న ఆ ‘ఎపిజెనెటిక్’ తేడాలు గడ్డ కణాల డీఎన్ఏ మీద పడే గుర్తులు, అవి వాడికి రావు. మీ మరిదికి నా మాటగా చెప్పండి.

జన్యువు చెడిపోవడం వేరు, బాగానే ఉండి పని మానేయడం వేరు. మన పంటకాలవలో నీళ్ళున్నా తూము షట్టరు దించేస్తే చేను ఎండుతుంది కదా. డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు గుంపుగా పడితే జన్యువూ అలాగే మూతపడుతుంది. కణాల పెరుగుదలకు పగ్గం వేసే పీ16 లాంటి జన్యువులు మూతపడటం లింఫోమాల్లో చూశారు. అవి మీవారి గడ్డ కణాల్లో పడ్డ గుర్తులు, ఆ కణాలతోనే పోతాయి.

మరి హెచ్ఐవీ ఉంటే తేడా ఏమిటంటారా? ఆ వైరస్ తినేది రోగనిరోధక శక్తిని నడిపే సీడీ4 అనే తెల్ల రక్తకణాలను. లింఫోమా ఎక్కువగా పుట్టేది బీ కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల్లో. వాటిలోకి అది మామూలుగా దూరదు, కానీ ఏళ్ళ తరబడి వాటిని రెచ్చగొడుతూనే ఉంటుంది. దీనికి తోడు ఎప్‌స్టీన్ బార్ వైరస్ ఒకటుంది. 1964లో ఆఫ్రికా పిల్లల బర్కిట్ అనే రకం లింఫోమా గడ్డల్లో కనిపెట్టారు. మనలో చాలామంది ఒంట్లో చడీచప్పుడు లేకుండా ఉండేదే. రోగనిరోధక శక్తి కాపలా కాస్తున్నంతకాలం తన జన్యువులను తనే మిథైల్ గుర్తులతో మూసుకుని దాక్కుంటుంది. సీడీ4 బాగా పడిపోయాక ఇక ఎవరికి భయపడాలి? కొన్ని గడ్డల్లో బాహాటంగానే పనిచేస్తుంది, తానున్న కణం గుర్తులనూ మార్చేస్తుంది. అందుకే రిపోర్టులో పేరు ఒకటే ఉన్నా గడ్డలన్నీ లోపల ఒకటి కావు.

వీటిని బట్టి ఈరోజు మీవారి మందేమీ మారదు. హెచ్ఐవీ లేనివాళ్ళకిచ్చే ఆర్‌చాప్, ఈపాక్ లాంటి కీమోలే వీళ్ళకూ ఇస్తారు, నయమయ్యేవాళ్ళూ ఉన్నారు.

టీబీ సంగతి చదివి మాత్రం ఒళ్ళు మండింది. మన దగ్గర మెడగడ్డ అంటే టీబీ కావడం మామూలే, కాదనను. కానీ హెచ్ఐవీ ఉన్న మనిషికి సూది పరీక్ష ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. వీలైతే గడ్డ మొత్తం తీసి చూడాలి.

తీసిన ముక్కను మైనంలో పొదిగి దాస్తారు, బ్లాక్ అంటారు, అగ్గిపెట్టె కంటే చిన్నది. కాకినాడ వెళ్ళినా, విశాఖ దగ్గర అగనంపూడి హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్ళినా ల్యాబ్‌ను అడిగి అది తీసుకెళ్ళండి. ఒట్టి రిపోర్టు కాగితం చాలదు. ఏ రకం లింఫోమా, అందులో ఎప్‌స్టీన్ బార్ ఉందా అన్నది మళ్ళీ దాన్నుంచే చూస్తారు. ఎండలో బండి డిక్కీలో మాత్రం పెట్టకండి, మైనం మెత్తబడుతుంది.

ఏఆర్‌టీ మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు. అందులో జిడోవుడిన్ ఉంటే కీమోతో కలిసి రక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు ఏఆర్‌టీ సెంటర్‌లోనే మందు మారుస్తారు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉన్నందున ఏఆర్‌టీలోని డోలుటెగ్రావిర్ మందును రెండు పూటలా ఇచ్చి ఉంటారు. టీబీ మందులు ఆపేసి ఉంటే ఆ డోసు ఇప్పుడెంతో కనుక్కోండి. కీమో డాక్టరుకు ఏఆర్‌టీ పుస్తకం, ఏఆర్‌టీ సెంటర్‌కు కీమో కాగితాలు చూపించండి. ఆర్‌చాప్‌లోని రిటుక్సిమాబ్ ఎక్కించేముందు హెపటైటిస్ బి పరీక్ష అయిందా అని అడగండి. ఆ వైరస్ ఉంటే ఏఆర్‌టీలోని టెనోఫోవిర్ దాన్నీ అణచిపెడుతుంది, ఆపితే కాలేయం దెబ్బతింటుంది.