నల్లకాళ్ల పిడుదు, చలికాలపు మాత్ర

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. న్యూజెర్సీలో పెరటి వెనుకే అడవి ఉన్న ఇంట్లోకి మారి ఏడాదయింది. అక్టోబరు రెండో వారంలో మా మూడేళ్ల లాబ్రడార్ చెవి వెనుక నువ్వుగింజంత పిడుదు కనిపించింది. ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కిరసనాయిలు చుక్క వేయమన్నారు. మా వారు అగ్గిపుల్ల వెలిగించబోయారు. నేను కంగారులో గోళ్లతో లాగేశాను. దాని నోరు లోపలే ఉండిపోయినట్టుంది. పిడుదు కాటుతో సోకే లైమ్ వ్యాధి వస్తుందా? టీకా వేయించాలా? మా ఐదేళ్ల పాప కుక్క పక్కనే పడుకుంటుంది. చలి మొదలైంది కాబట్టి పిడుదుల కోసం నెలనెలా ఇచ్చే మాత్ర మార్చి వరకు ఆపవచ్చా?

జవాబు: చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతానమ్మా. ఆపకండి. నేను ఒకసారి ఆపాను. కనెటికట్‌కు వచ్చిన మూడో ఏడు, మంచు పడింది కదా, ఇంకెక్కడి పిడుదులు అనుకుని మా గోల్డెన్ రిట్రీవర్ గౌరికి నవంబరు, డిసెంబరు మాత్రలు ఇవ్వలేదు. మార్చిలో ఒక ఉదయం అది ముందు కుడికాలు నేల మీద మోపలేకపోయింది. రెండు రోజులకు ఆ కాలు సర్దుకుంది, వెనుక ఎడమకాలు పట్టేసింది. ఒళ్లు కాలిపోతోంది. గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. కరిచిన రెండు నుంచి ఐదు నెలలకు కుక్కల్లో లైమ్ ఇలాగే బయటపడుతుంది. నెల రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాక కోలుకుంది. పశువైద్యురాలినై ఉండి నా ఇంటి ప్రాణికి నేనే ఆ నొప్పి తెచ్చిపెట్టానన్న బాధ మాత్రం నాకు పోలేదు.

మనం పొరబడేది ఎక్కడంటే, ఊళ్లో చూసిన పిడుదు, ఇక్కడి పిడుదు ఒకటే అనుకుంటాం. మన వైపు కుక్కలను పట్టేది గోధుమరంగు పిడుదు. దానికి వేడి కావాలి, గోడ పగుళ్లలో గుడ్లు పెడుతుంది. అది తెచ్చే ఎర్లీకియా జ్వరంలో కుక్కకు ముక్కు నుంచి రక్తం కారడం చాలామంది చూసే ఉంటారు. మీ అడవిలోది నల్లకాళ్ల పిడుదు. రాలిన ఆకుల చెమ్మలో బతుకుతుంది. దాని ఆయుష్షు రెండేళ్లు. పిల్లగా ఉన్నప్పుడు తెల్లపాదాల ఎలుక రక్తం తాగి లైమ్ సూక్ష్మజీవిని తెచ్చుకుంటుంది. మరుసటి మే నుంచి జూలై వరకు గసగసాల గింజంత ఉండి మనుషులనూ కుక్కలనూ పట్టుకుంటుంది. అక్టోబరుకు ఎదిగి నువ్వుగింజంత అవుతుంది. మీకు దొరికింది అదే. జనవరిలోనైనా సరే, ఎండ కాసి 4 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే కదులుతుంది.

ఈ జబ్బుకు పేరు వచ్చింది కనెటికట్‌లోని లైమ్, ఓల్డ్ లైమ్ ఊళ్ల నుంచి. 1975లో పాలీ మర్రే అనే తల్లి, తమ చుట్టుపక్కల ఇంతమంది పిల్లలకు కీళ్లవాపు ఎందుకు వస్తోందని ఆరోగ్యశాఖను నిలదీసినందువల్లే పరిశోధన మొదలైంది. మీరు పాప గురించి అడిగారు కాబట్టి ఆమె గుర్తుకొచ్చారు. కుక్క నుంచి పాపకు లైమ్ నేరుగా అంటదు. కానీ కుక్క బొచ్చులో ఇంకా కరవకుండా తిరుగుతున్న పిడుదు పక్క మీదకు పాకగలదు. అందుకే పడుకునే ముందు ఇద్దరినీ చూడాలి. పాపకు చెవుల వెనుక, తలలో, మోకాళ్ల వెనుక చూడండి. ఎక్కడైనా ఎర్రమచ్చ వలయంలా పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. కుక్కల్లో ఆ మచ్చ కనబడదు.

కుక్కను కళ్లతో కాదు, వేళ్లతో వెతకాలి. నల్లటి బొచ్చులో గసగసాల గింజ ఎవరికి కనిపిస్తుంది? మునివేళ్లు చర్మానికి ఆనించి నెమ్మదిగా పోనివ్వండి. చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, గజ్జల్లో, వేళ్ల సందుల్లో, తోక కింద. చిన్న గరుకు తగిలితే ఆగి బొచ్చు విడదీయండి. సన్నమొన పట్టకారుతో చర్మాన్ని ఆనుకుని పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. కృష్ణా జిల్లాలో మా నాయనమ్మ గేదెల పొదుగు దగ్గర పిడుదులు ఏరి కిరసనాయిలు చిప్పలో వేసేది. ఏరినదాన్ని అలా చంపడం మంచిదే. ఒంటి మీద ఉండగా కిరసనాయిలు పోసినా, నిప్పు చూపినా చర్మం దెబ్బతింటుంది, పిడుదు తన నోటిలోని ద్రవాన్ని గాయంలోకి కక్కే ప్రమాదమూ ఉంది. అత్తయ్యగారికి ఈ తేడా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

లోపల ఉండిపోయిన నోటిభాగాన్ని తవ్వకండి. సబ్బునీళ్లతో కడగండి చాలు, చర్మమే దాన్ని బయటికి తోసేస్తుంది. సాధారణంగా పిడుదు 24 నుంచి 48 గంటలు పట్టుకుని ఉంటే తప్ప లైమ్ సోకదు. మీరు తీసినప్పుడు అది ఉబ్బకుండా చదునుగా ఉంటే ధైర్యంగా ఉండండి. ఇప్పుడే రక్తపరీక్ష చేయిస్తే ఏమీ తెలియదు, ఆరు వారాలు ఆగాలి. లైమ్ ఉన్నట్టు తేలినా హడలిపోవద్దు. సోకిన కుక్కల్లో ఎక్కువ వాటికి జబ్బు లక్షణాలే రావు. అయితే మూత్రంలో ప్రోటీను పోతోందేమో తప్పక చూపించండి. అరుదుగానైనా లైమ్ మూత్రపిండాలను దెబ్బతీస్తే ప్రాణం మీదకు వస్తుంది, ఆ ముప్పు లాబ్రడార్లకు, గోల్డెన్ రిట్రీవర్లకు ఎక్కువ.

టీకా వేయించమనే నా సలహా. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు, తర్వాత ఏటా ఒకటి. అది లైమ్‌ను మాత్రమే అడ్డుకుంటుంది. అదే పిడుదు తెచ్చే అనాప్లాస్మా అనే మరో జబ్బుకు పనికిరాదు, అందుకని మాత్ర ఉండాల్సిందే. మీ కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, ఈ మాత్రల్లో కొన్నింటితో అది మళ్లీ రావచ్చు.

పెరట్లో ఆకులు ఊడ్చి, గడ్డికీ అడవికీ మధ్య మూడు అడుగుల వెడల్పున చెక్కపొట్టు పరిపించండి. పాప ఉయ్యాల అడవి అంచున ఉంటే ఇంటి వైపు జరపండి.

నవంబరు చివరి వారంలో పరీక్ష చేయించి ఫలితం నాకు రాయండి. ఈ నెల మాత్ర ఇంకా ఇవ్వకపోతే ఈ రాత్రే అన్నంలో పెట్టి ఇచ్చేయండి.